కువైట్ మహిళల గురించి రాసింది తప్పు, సవరణ వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

రెండు వారాల కిందట ఆదివారం సంచికలో ముస్లిం దేశాల చట్టసభల్లో మహిళల గురించి మీరు వేసిన వ్యాసం చదివిన దగ్గర్నుంచి మనసు ఊరుకోవడం లేదు. గల్ఫ్‌లో ఆడవాళ్ళు ఓట్లతో గెలిచి పార్లమెంటుకు వెళ్ళిన దాఖలా లేదని ఒక్క వాక్యంలో తేల్చేశారు. రాసినవారికి కువైట్ సంగతి తెలియకపోతే పోనీ, అడిగితే చెప్పేవాళ్ళు లేరా? మా కోడూరు, రాజంపేట వైపు గానీ, కోనసీమలో గానీ ఏ వీధికి వెళ్ళినా కువైట్‌లో పనిచేసి వచ్చినవాళ్ళు దొరుకుతారు. నేనూ అక్కడ 2003 నుంచి 2016 దాకా ఒకే ఇంట్లో హౌస్ డ్రైవర్‌గా చేశాను.

కువైట్ ఆడవాళ్ళకి ఓటు ఎవరూ పిలిచి చేతిలో పెట్టలేదు. 1999లో అప్పటి అమీర్ (దేశాధినేత) షేక్ జాబర్ ఓటు హక్కు ఇస్తూ ఆదేశం ఇచ్చినా పార్లమెంటు ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబరులో మళ్ళీ బిల్లు పెడితే రెండు ఓట్ల తేడాతో, 32-30తో ఓడించారు. ఆడవాళ్ళు పార్లమెంటు ముందుకొచ్చి నిలబడ్డారు, కోర్టులకు తిరిగారు. చివరికి 2005 మే 16న 35-23తో చట్టం నెగ్గింది. ఓటు వేసే హక్కు, పోటీ చేసే హక్కు రెండూ ఒకేసారి వచ్చాయి.

2006 జూన్ 29న వాళ్ళు మొదటిసారి పార్లమెంటు ఎన్నికల్లో ఓటేశారు. ఆ రోజు నేను పనిచేసే ఇంటి పెద్దావిడని పోలింగ్ జరిగే బడికి తీసుకెళ్ళింది నేనే. పనివాళ్ళమంతా ఆమెని మామా, అంటే అమ్మా అని పిలిచేవాళ్ళం. బయట నిప్పులు చెరిగే ఎండ. వాళ్ళ పౌరసత్వ పత్రాన్ని జిన్సియా అంటారు. ఓటేయాలంటే అది చూపించాలి. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దారంతా ఒళ్ళో రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఆడవాళ్ళకి వేరే పోలింగ్ కేంద్రం కాబట్టి నేను గేటు బయటే ఆగాను. తిరిగొచ్చి కారెక్కాక కవర్ తీసి, పత్రం మీద వేసిన ముద్ర నాకు చూపించింది. ఆమెకి చదువు రాదు.

ఆ ఎన్నికల్లో పాతికమందికి పైగా ఆడవాళ్ళు నిలబడ్డారు. ఒక్కరూ గెలవలేదు. ఓటర్లలో సగానికి పైగా ఆడవాళ్ళే కదా, ఎందుకు గెలవలేదని మీ వ్యాసంలో రాసి ఉంటే బాగుండేది. 2007లో రావాల్సిన ఎన్నికలు సభ రద్దవడంతో ముందే వచ్చేశాయి, ప్రచారానికి సమయం దొరకలేదు. అంతకంటే పెద్ద కారణం దివానియా. ప్రతి పెద్ద ఇంటికీ మగవాళ్ళు కూర్చునే హాలు ఒకటి ఉంటుంది, రాజకీయమంతా అక్కడే. ఆ ఎన్నికలప్పుడు మా ఇంటి దివానియాలో రాత్రిళ్ళు గావా (అరబ్బుల కాఫీ) పోసింది నేనే. ఎందరో అభ్యర్థులు వచ్చారు, మాట్లాడారు, ఓట్లు అడిగి వెళ్ళారు. వాళ్ళలో ఒక్క ఆడమనిషి కూడా లేదు. ఊరి బయటి నియోజకవర్గాల్లో అయితే ఎవరికి ఓటేయాలో తెగల పెద్దలు ముందే మాట్లాడుకునేవాళ్ళు, అదీ మగవాళ్ళే.

2008లోనూ అంతే. సరిగ్గా హక్కు వచ్చిన తేదీకే, 2009 మే 16న జరిగిన ఎన్నికల్లో నలుగురు గెలిచారు. మసూమా అల్ ముబారక్, అసీల్ అల్ అవధీ, రోలా దష్తీ, సల్వా అల్ జస్సార్. నలుగురూ డాక్టరేట్లు చేసినవాళ్ళే. ఒక్క సీటు కూడా రిజర్వేషన్‌ది కాదు. సౌదీలో రాజుకి సలహాలిచ్చే సభ షూరాలో 2013 నుంచి 30 మంది మహిళలు ఉన్నారని మీ వ్యాసంలో గొప్పగా రాశారు. వాళ్ళని రాజు నియమించాడు. ఈ నలుగురినీ జనం ఎన్నుకున్నారు. ఈ తేడా రాయకపోతే ఎలా? అసీల్, రోలా తలకి ముసుగు వేసుకోలేదని కేసు వేస్తే, అక్కర్లేదని అదే ఏడాది అక్టోబరులో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది.

ఆడవాళ్ళు గెలిస్తే అంతా మనకి మంచే జరుగుతుందని నేను అనడం లేదు. 2016లో గెలిచిన ఒకే ఒక్క మహిళ సఫా అల్ హాషెం, ప్రవాసుల మీద పన్నులు వేయాలని గట్టిగా పట్టుబట్టింది. మా వాళ్ళందరికీ కడుపు మండింది. అయినా జనం ఓటేసి పంపిన మనిషి ఆమె, ఆ గౌరవం ఇవ్వాల్సిందే. ఇంటి పనివాళ్ళకి వారానికో సెలవు, ఏడాదికో నెల జీతంతో సెలవు ఇవ్వాలని 2015లో చట్టం చేసింది కూడా కువైట్ పార్లమెంటే. మన ఆడపిల్లలు వేలమంది అక్కడ ఇళ్ళల్లో పనిచేస్తున్నారు. ఆ సభలో ఎవరు కూర్చుంటారన్నది మనకి సంబంధం లేని విషయమా?

ఇప్పుడా సభే లేదు. 2024 ఏప్రిల్‌లో ఎన్నికలు జరిగాయి, 50 సీట్లలో ఆడవాళ్ళలో ఒక్క జెనాన్ బుషెహ్రీ మాత్రమే గెలిచింది. సభ ఒక్కసారీ కూర్చోకముందే మే 10న అమీర్ రద్దు చేశారు. నాలుగేళ్ళకి మించకుండా నిలిపేస్తున్నామన్నారు. రోజూ నేను బడికి దింపిన ఆ ఇంటి చిన్నపాపకి ఆ ఏడాది చివర్లో ఇరవై ఒకటి నిండాయి. ఓటు వయసు వచ్చింది, వేయడానికి ఎన్నికే లేదు. దీని గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు.

పైగా చివర్లో మన దేశమే నయమన్నట్టు ముగించారు. 2024లో మన లోక్‌సభకి 543 సీట్లలో 74 మందే మహిళలు గెలిచారు. మూడో వంతు సీట్లు ఇస్తామని 2023లో చట్టం చేసి, జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలని అందులోనే రాసిపెట్టారు. మాకు దగ్గర్లోని ఒక పంచాయతీలో సర్పంచ్ ఆడమనిషి. ఆఫీసువాళ్ళు ఫోన్ చేసేది భర్తకి, సంతకం కావాల్సొస్తే కాగితం ఇంటికి పంపిస్తారు. నేను అడిగితే ఎప్పుడూ ఇంతే కదన్నా అన్నారు. బంగారం ధరకి రోజూ మొదటి పేజీలో చోటిచ్చే పత్రికలు ఇలాంటివి ఎన్నిసార్లు రాశాయి?

ఆ వ్యాసం వచ్చిన ఆదివారం పేజీలోనే సవరణ వేయండి. 2009లో గెలిచిన నలుగురి పేర్లూ అందులో ఉండాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రైల్వే కోడూరు.