మడతల పుస్తకానికి చేయి వేసినవాళ్ళందరికీ కృతజ్ఞతలు

కలర్ బ్లైండ్‌నెస్‌తో రోజులు ఎలా గడుస్తాయో చూపించే మడతల పుస్తకం (పొడవాటి కాగితాన్ని విసనకర్రలా ముందుకీ వెనక్కీ మడిచి చేసేది) పూర్తయింది. దోరదో పండుదో తేలని టమాటా, ఎరుపైనా ఆకుపచ్చైనా ఒకేలా వెలిగే ఛార్జర్ లైటు, ఆకుల్లో కలిసిపోయే పండుమిరప... ఈ పేజీలు కుదిరాయంటే మీ చలవే.

ముందుగా, మేము రంగులు కలిపి పూసిన కాగితం ముక్కలు చూసిపెట్టిన కలర్ బ్లైండ్ మిత్రులకు. కలర్ బ్లైండ్ చూపు ఎలా ఉంటుందో ఫోన్‌లో యాప్ చూపించేది అంచనా మాత్రమే. కాగితం మీది పోస్టర్ కలర్‌కి మీ కన్నే కొలత. ప్రొటాన్ రకం (కంట్లో ఎరుపుని పట్టే కణాల్లో లోపం) వాళ్ళకి ఎరుపు బాగా నల్లబారి కనిపిస్తుంది, డ్యూటాన్ (ఆకుపచ్చని పట్టే కణాల్లో లోపం) వాళ్ళకి అలా కాదు. అందుకే ఒకరికి ఆకుల్లో మాయమైన మిరపకాయ ఇంకొకరికి నల్లగా తేలింది. మీ మాట విని ఆ పేజీ రెండు రకాలుగా వేశాం. ప్రొటాన్ పేజీలో ఆకులు ముదురు. తడి రంగు ఆరాక మారుతుంది, ట్యూబ్‌లైటు కింద ఒకేలా కనిపించిన రెండు రంగులు పగటి వెలుతురులో వేరుగా కనిపించవచ్చు. పూర్తిగా ఆరిన ముక్కల్నే కిటికీ పక్కన చూస్తామని పట్టుబట్టి మంచి పని చేశారు.

మాకు అన్నిటికంటే ఇష్టమైంది గీతల పేజీ. పేజీ నిండా కుడికి వాలిన చిన్న గీతలు, చేప ఆకారంలో మాత్రం ఎడమకి వాలినవి. ఎరుపు, ఆకుపచ్చ ఎలా పడితే అలా చల్లాం. మామూలు చూపున్నవాళ్ళని రంగుల గజిబిజి తికమకపెడుతుంది. మీకు ఆ అడ్డు లేదు, చేప ముందు మీకే దొరుకుతుంది. రెండు రంగులూ మీ కంటికి ఒకే ముదురులో ఉంటేనే ఇది పనిచేస్తుంది.

బైండింగ్ మేస్త్రీ గారికి ఎంత చెప్పినా తక్కువే. 180 జీఎస్ఎం (చదరపు మీటరుకి 180 గ్రాములు) కాగితం, 12 సెం.మీ. వెడల్పు పేజీలు 8. నాలుగేసి పేజీల పట్టీలు రెండు, అతుకుకి 1 సెం.మీ. అదనం. కాగితం పీచు మడత వెంట నడవాలి, అడ్డంగా ఉంటే మడత మీద రంగు పగులుతుంది. ఏ వైపు సులువుగా వంగుతుందో చేత్తో చూసి, ఆ వంపు వెంటే మడతలు వచ్చేలా ఆయనే కోసిచ్చారు. 2 మి.మీ. అట్టకి క్యాలికో (బైండింగ్ గుడ్డ) అంటిస్తే ఆరేటప్పుడు గుడ్డ లాగి అట్ట వంగుతుంది. లోపలి వైపు కూడా కాగితం అంటించి, రాత్రంతా బరువు కింద పెట్టాలి. పురుగు పట్టకుండా మైదా బంకలో మైలుతుత్తం కలపడం వాడుక. అది విషం, పిల్లలు పట్టుకునే పుస్తకం ఇది, అందుకని మా కోసం విడిగా బంక కాచారు.

మిగిలిన రంగు ముక్కల వెనక ఏ రంగు ఎంత కలిపామో రాసిపెట్టాం. ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్ళు అడగండి, ఇస్తాం.