పెంకుటిళ్లు నిలవాలంటే పనివారు కావాలి

సంపాదకులకు నమస్కారం.

స్పెయిన్‌లో చదువుకుంటున్న మా అమ్మాయిని చూడడానికి వెళ్లినప్పుడు, అరగాన్ ప్రాంతంలో తెరుయెల్ పట్టణానికి పడమటి కొండల్లో ఉన్న అల్బరాసిన్ అనే ఊళ్లో రెండు రోజులు ఉన్నాను. అక్కడ చూసినది మన పోచంపల్లి వంటి ఊళ్లకు పనికొస్తుందన్న నమ్మకంతో ఈ లేఖ రాస్తున్నాను.

గ్వాదలావియార్ నది చుట్టి పారే కొండమీద, దాదాపు 1,170 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊరి జనాభా వెయ్యికి అటూ ఇటూ. 1961లో అక్కడి ప్రభుత్వం జాతీయ స్మారకంగా ప్రకటించినది ఒక్క కోటగోడనో, చర్చినో కాదు, ఊరినే. సందులు ఎంత ఇరుకంటే, పై అంతస్తులు ముందుకు వచ్చి ఎదురింటి చూరును తాకుతాయేమో అనిపిస్తుంది. రెండు సందుల నడుమ ఒరిగి నిలబడ్డ జూలియనేతా ఇంటి ముందు నేను చాలాసేపు ఆగిపోయాను. మనమైతే ప్రమాదకరమని ఎప్పుడో కూల్చి ఉండేవాళ్లం. వాళ్లు ఒరుగును ఒరుగుగానే ఉంచి బాగుచేసి, కళాకారులు వచ్చి ఉండి పనిచేసుకునేందుకు ఇచ్చారు. గోడలకు సిమెంటు పూయలేదు. ఊరంతా లేత ఎరుపులో కనిపించడానికి కారణం ఆ ప్రాంతపు జిప్సంతో చేసిన పూతే. ఆ పని తెలిసినవారు కరువవకుండా స్థానిక యువకులకు శిక్షణనిచ్చారు. బాగుచేసిన పాత భవనాలు కొన్ని అతిథిగృహాలయ్యాయి. దగ్గరలోని పైన్ అడవిలో, ఎర్రరాతి మీద ఆదిమానవులు తెల్లరంగుతో గీసిన ఎద్దులను కూడా చూశాము. 1998లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన రాతిచిత్రాలలో అవి భాగం.

పోచంపల్లికి 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ నుంచి ఉత్తమ పర్యాటక గ్రామంగా గుర్తింపు వచ్చింది. తిరిగివచ్చాక అక్కడికి వెళ్లి మగ్గాలున్న ఒక పాత పెంకుటింట్లో కూర్చున్నప్పుడు, పెంకు సర్దే మనిషి దొరకక వానాకాలమంతా ఇల్లు కారుతోందని, ఇక స్లాబు వేయించక తప్పదని ఆ ఇంటి పెద్దాయన బాధపడ్డారు. ఆయనను ఎలా తప్పుపట్టగలం? హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధులకు డంగుసున్నంతో మరమ్మతు చేసిన మేస్త్రీలు మన మధ్యే ఉన్నారు. వారిని గురువులుగా పెట్టి సున్నం పనిలోను, పెంకుపని తెలిసిన పెద్దల దగ్గర కప్పు పనిలోను పల్లె యువతకు జీతమిచ్చి నేర్పించాలని, పాత ఇల్లు నిలుపుకునే యజమానికి మరమ్మతు ఖర్చులో కొంత భరించాలని పర్యాటక శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. వచ్చే వానలలోపు ఒక్క వీధిలోనైనా ఈ పని మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
నల్లకుంట, హైదరాబాద్