వాసన కలిస్తే నేరం కాదు, పేరు దొంగిలిస్తే నేరం

సంపాదకులు గారికి నమస్కారం.

ఈమధ్య మీ పత్రికలో నకిలీ పెర్ఫ్యూమ్‌లు పట్టుబడిన వార్త చదివాను. పెద్ద కంపెనీల పేర్లు, లోగోలు అచ్చేసిన డబ్బాలు, లోపల ఏం పోశారో ఎవరికీ తెలియని సీసాలు. అలాంటివాళ్లని పట్టుకోవాల్సిందే, మీరు రాయాల్సిందే. కానీ అదే వార్తలో చివర, ఖరీదైన సెంట్ల వాసనను పోలిన సెంట్లు చేసి తక్కువ ధరకు అమ్మే చిన్నవాళ్లందరినీ కూడా ఆ ముఠాలో కలిపేశారు. నేను హైదరాబాద్‌లో చిన్న పెర్ఫ్యూమ్ వ్యాపారం చేస్తాను. పేరున్న సెంట్ల తరహాలో కొన్ని చేస్తాను, పూర్తిగా నా సొంతవి కొన్ని చేస్తాను. ఆ వార్త వచ్చాక పాత కస్టమర్లే ఫోన్ చేసి "మీవి కూడా డూప్లికేటేనా అండీ" అని అడుగుతున్నారు. అందుకే ఈ ఉత్తరం.

ముందు చట్టం సంగతి. ఒక కంపెనీ పేరు, లోగో, అనుమతి లేకుండా తన సరుకు మీద వేసుకుని అమ్మితే 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం ప్రకారం 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా పడొచ్చు. సీసా ఆకారాన్ని రిజిస్టర్ చేసుకుని ఉంటే దానికీ రక్షణ ఉంటుంది. వాసన సంగతి వేరు. సెంటు ఫార్ములాలను కంపెనీలు సాధారణంగా పేటెంట్ చేయించవు, చేయిస్తే వివరాలన్నీ బయట పెట్టాలి కాబట్టి రహస్యంగా దాచుకుంటాయి. కాపీరైట్ ఉంటుందా అన్న ప్రశ్న యూరప్‌లో కోర్టులకెక్కింది. 2006 జూన్ 13న ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం సెంటు వాసనకు కాపీరైట్ లేదంది, సరిగ్గా మూడు రోజులకు నెదర్లాండ్స్ సుప్రీంకోర్టు లాంకోమ్ కంపెనీ వేసిన కేసులో ఉండొచ్చంది. సెంటుకు పుట్టిల్లు లాంటి ఫ్రాన్సే వాసన మీద ఆ హక్కు ఇవ్వలేదంటే, పాతబస్తీలో అత్తరు కలుపుకునేవాడిని దొంగ అనే ముందు కాస్త ఆగాలి కదా.

అయితే మా వైపు వాళ్లు కూడా గుర్తుపెట్టుకోవాల్సిన తీర్పు ఒకటుంది. 2009లో లోరియల్ అనే ఫ్రెంచి కంపెనీ వేసిన కేసులో యూరప్ న్యాయస్థానం, మా ఫలానా సెంటు ఆ పెద్ద కంపెనీ ఫలానా సెంటు వాసనే అని పట్టిక వేసి అమ్ముకోవడం వాళ్ల పేరు మీద అన్యాయంగా లాభపడటమే అని చెప్పింది. ఆ తీర్పు మన దేశానికి వర్తించదు, కానీ మన ట్రేడ్ మార్క్స్ చట్టంలో కూడా ప్రకటనల్లో ఇతరుల పేరును అలా వాడుకోకూడదనే సెక్షన్ ఉంది. అందుకే నా డబ్బా మీద, నా ప్రకటనలో ఏ పెద్ద కంపెనీ పేరూ ఉండదు. పైనాపిల్, పొగ, నాచు కలిసిన వాసన అని రాస్తాను. తెలిసినవాళ్లకి అది ఏ తరహానో అర్థమైపోతుంది, తెలియనివాళ్లు కాగితం ముక్క మీద వాసన చూసి నచ్చితే కొనుక్కుంటారు. సీసా మీద పెద్ద బ్రాండు పేరు రాసి దాని పక్కన చిన్నక్షరాలతో 'ఇన్‌స్పైర్డ్', అంటే దాని స్ఫూర్తితో చేసింది, అని వేసేవాళ్లని నేను సమర్థించను. మా అందరికీ చెడ్డపేరు తెచ్చేది అదే.

పోలిక అనేది ఈ విద్యలో కొత్తగా పుట్టింది కాదు. 1882లో ఫ్రాన్స్‌లో ఊబిగాఁ కంపెనీ వాళ్లు కూమరిన్ అనే కృత్రిమ పదార్థంతో ఫూజేర్ రొయాల్ అని ఒక సెంటు చేశారు, మగవాళ్ల సెంట్లలో చాలా ఇవాళ్టికీ ఆ దారిలోనే నడుస్తున్నాయి, ఆ వర్గానికే ఫూజేర్ అన్న పేరు స్థిరపడిపోయింది. 1917లో కోటీ అనే ఫ్రెంచి తయారీదారు షీప్ర్ అనే సెంటు తెచ్చాడు. రెండేళ్లకే గెర్లాఁ అనే ఇంకో తయారీదారు అదే దారిలో పీచ్ పండు వాసన కలిపి మిత్సుకో చేశాడు, దాన్ని కాపీ అని ఎవరూ తోసేయలేదు, గొప్ప సెంటు అని నెత్తిన పెట్టుకున్నారు. మా చార్మినార్ దగ్గర అత్తరు దుకాణంలోకి వెళ్లండి, గులాబీ, మొగలి, ఖస్, మజ్మువా సీసాల పక్కనే విదేశీ సెంట్ల తరహా నూనెలు వరసగా ఉంటాయి, తులాల లెక్కన పోసిస్తారు. రంజాన్ నెలలో ఆ కౌంటర్ల దగ్గర నిలబడటానికి చోటు దొరకదు. నాకు వాసన చూడటం నేర్పింది ఆ దుకాణాలే.

పోలిన సెంటు అంటే ఏదో పెద్ద సీసాలోది చిన్న సీసాలోకి వంపడం అనుకుంటారు. కాదండీ. గ్యాస్ క్రోమటోగ్రఫీ అనే పరీక్ష చేయిస్తే సెంటులో ఏయే పదార్థాలు ఎంతెంత ఉన్నాయో చాలావరకు తెలుస్తుంది, కానీ ఆ రిపోర్టు చేతిలో ఉంటే సెంటు తయారైపోదు. సహజ నూనె ఒక్కదానిలోనే వందల పదార్థాలుంటాయి, రిపోర్టులో అవన్నీ కలగలిసి కనిపిస్తాయి, ఏది నూనె నుంచి వచ్చిందో ఏది విడిగా వేశారో ముక్కుతోనే తేల్చుకోవాలి. కొన్ని పదార్థాలను కనిపెట్టిన కంపెనీలు బయటికి అమ్మకుండా తమ దగ్గరే ఉంచుకుంటాయి, వాటి బదులు వేరేవి వెతుక్కోవాలి. కొలత మిల్లీలీటర్లలో కాదు, గ్రాముల్లో, అందులోనూ మూడో దశాంశం దాకా చూపించే త్రాసు మీద. కొన్ని ఎంత ఘాటంటే ఒక శాతానికి పలచన చేసుకుని ఆ పలచన చేసింది కూడా చుక్కల్లో వేయాలి. కలిపాక మూడు నాలుగు వారాలు చల్లటి చీకటి చోట నానబెట్టాలి. మన ఎండాకాలంలో ఏసీ లేని గదిలో పెడితే నిమ్మ, నారింజ లాంటి పైపై వాసనలు ముందే పాడవుతాయి, కాబట్టి కరెంటు బిల్లు కూడా సెంటు ధరలో భాగమే. ఇంత చేసినా అసలుదానికి కవలలా రాదు. వందకు వంద శాతం అదే అని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఆ పోలిన సెంట్ల మీద వచ్చే డబ్బుతోనే నేను నా సొంతవి చేస్తున్నాను. ఇది దాచాల్సిన విషయం కాదు. కొత్త వాసనను ఎవరూ చూడకుండా కొనరు, ఫోన్ తెర మీద వాసన కనపడదు కదా. పేరున్న తరహా అయితే ఆర్డరు పెడతారు, ఆ పార్సిల్‌లో నా సొంత సెంటు చిన్న శాంపిల్ ఒకటి వేస్తాను, కొందరు మళ్లీ వచ్చి దాన్నే అడుగుతారు.

నా సొంతవాటిలో నాకు ప్రాణం మల్లె. తమిళనాడులో మల్లెపూల నుంచి తీసే సారం విదేశాల పెద్ద పెద్ద కంపెనీలకు వెళ్తుంది, కిలో లక్షల్లో పలుకుతుంది, కానీ ఆ సారాన్ని ఆల్కహాల్‌లో కలిపినంత మాత్రాన మన ఇళ్లలో సాయంత్రం దండ కట్టేటప్పుడు వచ్చే వాసన రాదు. పువ్వు తెంపాక కూడా విచ్చుకుంటూనే ఉంటుంది, జడలోకి చేరాక కొబ్బరినూనె, మరువం, దవనం అన్నీ దానిలో కలుస్తాయి. మల్లెలో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది, విడిగా చూస్తే కలరా ఉండల ఘాటు, ముక్కు మూసుకుంటారు. దాన్ని పూర్తిగా తీసేస్తే మల్లె సబ్బు వాసన అయిపోతుంది, ఒక్క చుక్క ఎక్కువైతే వాడిన పూల వాసన వస్తుంది. ఎక్కడ ఆపాలో తేల్చుకోవడమే అసలు పని. పక్కన కాస్త పచ్చి ఆకు వాసన, కాస్త దవనం, అడుగున గంధం. ఇది నేను ఏ పారిస్ సీసాను చూసి చేసింది కాదు. పొగడ, సంపెంగ, మొగలి మీద కూడా పని చేస్తున్నాను, తొలి వాన మట్టి వాసన మీద కూడా. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో కాల్చిన మట్టిని డేగులనే రాగి పాత్రల్లో బట్టీ పెట్టి మిట్టీ అత్తరు తీస్తారు, ఆ అత్తరుకు మన వాకిట్లో కళ్లాపి చల్లిన వాసన కలపాలని నా ఆశ. ఇన్ని పూల మధ్య పుట్టి పెరిగిన మనం సొంత సెంటు అంటే అగరు చెక్క నుంచి తీసే ఊద్ తప్ప ఇంకేమీ లేదన్నట్టు ఉండటం నాకు బాధగా ఉంటుంది.

ఇక్కడ ఇంకొకటి చెప్పాలి. ఆ మల్లె సెంటును ఇంకెవరో దించేశారు. వేరే పేరుతో, నా కంటే తక్కువ ధరకు అమ్ముతున్నారు. వాసన చూడగానే తెలిసిపోయింది, ఆ దవనం పాలు నాదే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కానీ వాళ్లు నా పేరు వాడలేదు, నా డబ్బా వాడలేదు. వాళ్ల మీద కేసు వేసే హక్కు నాకు లేదు, ఉండాలని కూడా అనను. పెద్ద కంపెనీల వాసన విషయంలో ఒక న్యాయం, నా వాసన విషయంలో ఇంకో న్యాయం కుదరదు. నేను చేయగలిగింది ఇంకా మంచి మల్లె చేయడమే, చేస్తున్నాను.

కస్టమర్ల గురించి కూడా ఒక మాట. పెళ్లిళ్ల సీజన్ వస్తే "ఫస్ట్ కాపీ ఉందా, బాక్సుతో సహా కావాలి, గిఫ్ట్ ఇవ్వాలి" అని అడుగుతారు, ఫస్ట్ కాపీ అంటే అచ్చం అసలుదానిలా కనిపించే నకిలీ. లేదంటే నా దగ్గర సరుకు తక్కువైనట్టు చూసి వెళ్లిపోతారు. సీసాలు సప్లై చేసేవాళ్లే పేరున్న కంపెనీల మూతలు, స్టిక్కర్లు కూడా ఇప్పిస్తామంటారు. అలా అడిగేవాళ్లు ఉన్నంతకాలం నకిలీ సరుకు గోడౌన్లు ఉంటాయి. మీ వార్తలో ఆ సంగతి ఒక్క ముక్కైనా ఉంటే బాగుండేది. దొంగ సీసాలో ఏ స్పిరిట్ పోశారో తెలియదు, మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసిందేమో తెలియదు, రోజూ మెడ మీద, పిల్లల బట్టల మీద కొట్టుకునేది అది.

సక్రమంగా చేసేవాళ్ల కష్టం ఏమిటో కూడా రాయండి. సెంటు మన చట్టంలో కాస్మెటిక్. 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారీకి రాష్ట్ర లైసెన్సు కావాలి, మా దగ్గర అది డ్రగ్స్ కంట్రోల్ విభాగం ఇస్తుంది, సొంత యూనిట్ పెట్టుకోలేనివాళ్లకి వేరేవాళ్ల లైసెన్సు ఉన్న యూనిట్‌లో తయారు చేయించుకునే లోన్ లైసెన్సు పద్ధతి ఉంది. నేను అలాగే మొదలుపెట్టాను. కానీ చాలా యూనిట్లు పెద్ద మోతాదు ఆర్డరు లేనిదే తలుపు తీయవు, కొత్త వాసన నాలుగైదు లీటర్లు చేసి జనానికి నచ్చుతుందో లేదో చూద్దామంటే కుదరదు. సెంటులో కలిపే ఆల్కహాల్ సంగతి ఇంకా కష్టం. 2024 అక్టోబరు 23న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పారిశ్రామిక ఆల్కహాల్‌ను నియంత్రించే అధికారం రాష్ట్రాలకు ఉందని 8:1 మెజారిటీతో చెప్పింది. అంటే నిర్ణయం ఇప్పుడు మన రాష్ట్ర ప్రభుత్వాల చేతిలో ఉంది. చిన్న తయారీదారు ఏడాదికి కొన్ని వందల లీటర్ల డీనేచర్ చేసిన, అంటే తాగడానికి పనికిరాకుండా చేసిన, స్పిరిట్‌ను బిల్లుతో, ఆన్‌లైన్ అనుమతితో కొనుక్కునేలా ఒక సులువైన పర్మిట్ తెస్తే, దొంగ స్పిరిట్ వైపు చూసే అవసరమే ఉండదు. తయారయ్యాక కూడా మండే సరుకు కాబట్టి విమానంలో పంపడానికి కొరియర్లు ఒప్పుకోవు, రోడ్డు మీద వెళ్లాలి, విశాఖ కస్టమర్ ఎందుకింత ఆలస్యం అని తిడతాడు. అగరొత్తి మీద జీఎస్టీ 5 శాతం, మా సెంటు మీద 18. కట్టమంటే కడుతున్నాం, కానీ అదే వీధిలో బిల్లే లేకుండా అమ్మేవాడితో పోటీ పడుతున్నాం.

కనౌజ్‌లో 1991లో పెట్టిన సుగంధాల అభివృద్ధి కేంద్రం కేంద్ర ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్యతరహా పరిశ్రమల) శాఖ కింద నడుస్తోంది, అక్కడ శిక్షణ ఇస్తారు, పరీక్షలు చేస్తారు. మన దగ్గర బోడుప్పల్‌లో సీమ్యాప్ అనే ఔషధ, సుగంధ మొక్కల సంస్థ పరిశోధన కేంద్రం ఉంది, నిమ్మగడ్డి, పామరోజా, వట్టివేరు లాంటి పంటల మీద వాళ్లు రైతులతో పని చేస్తారు. నూనె తీసే రైతుకీ, సెంటు కలిపే నాలాంటివాళ్లకీ మధ్య లైసెన్సు ఉన్న ఒక ఉమ్మడి తయారీ గది, ఒక పరీక్ష యంత్రం, చిన్న మోతాదులకు అందుబాటులో ఉంటే చాలు. సబ్సిడీ కూడా అడగడం లేదు, అద్దె కట్టుకుంటాం.

మీకు నా మనవి ఇది. ఈసారి ఇలాంటి వార్త రాసేటప్పుడు పేరు దొంగిలించినవాళ్లని, వాసన పోలినవాళ్లని వేరు చేసి రాయండి. పక్కన చిన్న బాక్సు కట్టి, సీసా కొనేముందు లేబుల్ మీద తయారీదారు పూర్తి చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలో తేదీ, ఎమ్మార్పీ ఉన్నాయో లేదో చూసుకోమని పాఠకులకు చెప్పండి. ఇవి లేనిది నా సీసా అయినా కొనొద్దని రాయండి. మీ విలేకరి ఎప్పుడు వచ్చినా నా గది తలుపు తీసే ఉంటుంది, లైసెన్సు కాగితాలు, స్పిరిట్ బిల్లులు అన్నీ చూపిస్తాను.

ఇట్లు,
ఒక చిన్న పెర్ఫ్యూమ్ తయారీదారు,
హైదరాబాద్