ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క మాట అడగండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మేం ఒంగోలు నుంచి బెంగళూరు వచ్చి పద్నాలుగేళ్లయింది, ఉండేది మారతహళ్లిలో. ఆదివారాలు మా అపార్ట్‌మెంట్ పిల్లలకి తెలుగు చెప్తాను, ఇక్కడ మనం చెప్పుకోకపోతే వాళ్లకి అ ఆ లు కూడా రావు. నాలుగేళ్లుగా తయారుచేసుకున్న పాఠాలు, గుణింతాల షీట్లు, పిల్లలు వేమన పద్యాలు చదివిన రికార్డింగులు అన్నీ నా లాప్‌టాప్‌లో ఉబుంటు (విండోస్ లాంటిదే, లైనక్స్ రకం సిస్టమ్) వైపు ఉంటాయి. అదే లాప్‌టాప్‌లో మా ఆయన ఆఫీసు పనికి విండోస్ కూడా ఉంది, ఆన్ చేయగానే ఏది కావాలో మెనూ వస్తుంది, డ్యూయల్ బూట్ అంటారు దీన్నే. ఈ మధ్య జరిగింది చెప్తే ఇంకో నలుగురికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

పోయిన నెల విండోస్ మొరాయించింది, ఆన్ చేస్తే అలా గుండ్రంగా తిరుగుతూనే ఉండేది. దగ్గర్లో ఉన్న రిపేరు షాపులో ఇచ్చాం. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆపేశారు కదా, ఎలాగూ మళ్లీ వేస్తున్నాం కాబట్టి 11 వేసేస్తా అన్నాడు, సరే అన్నాం. లోపల ఇంకొకటి కూడా ఉందా అని అతను అడగలేదు, మాకు చెప్పాలని తెలీలేదు. సాయంత్రం తీసుకోడానికెళ్లి అక్కడే ఆన్ చేసి చూస్తే మెనూ లేదు, తిన్నగా విండోస్‌లోకి వెళ్లిపోయింది.

"అది పోయుంటది మేడమ్, ఇదిగో చూడండి 120 జీబీ ఖాళీగా పడుంది, సి డ్రైవ్‌లో కలిపేస్తా, మీకు స్పేస్ పెరుగుద్ది" అని డిస్క్‌లోని భాగాల్ని డబ్బాల్లా చూపించే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి ఆ డబ్బా మీద రైట్ క్లిక్ చేశాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు, మా అన్నయ్య కొడుక్కి వీడియో కాల్ చేసి స్క్రీన్ చూపించాను. వాడు చూసీ చూడగానే "అత్తా, ఆపించు ముందు! ఖాళీ అయితే పైన నల్ల పట్టీ ఉంటది, అది నీలం పట్టీ, నీ ఫైళ్లు అందులోనే ఉన్నాయి" అన్నాడు. అప్పటికే షాపతని మౌస్ డిలీట్ వాల్యూమ్ అన్న మాట మీద ఉంది. నాలుగేళ్ల పని ఒక్క క్లిక్కు దూరంలో ఉండడం ఆ రోజు కళ్లారా చూశాను, తల్చుకుంటే ఇప్పటికీ గుండె దడ.

తర్వాత వాడే విడమర్చి చెప్పాడు. ఉబుంటు తన ఫైళ్లని ఈఎక్స్‌టీ4 అనే పద్ధతిలో పెట్టుకుంటుంది, విండోస్ దాన్ని మామూలుగా చదవలేదు, అందుకే డ్రైవ్ అక్షరం లేకుండా ఖాళీ డబ్బాలా కనిపిస్తుంది. ఇక మెనూ చూపించేది గ్రబ్ అనే చిన్న ప్రోగ్రాం, దాని మొదటి భాగం ఈఎఫ్ఐ అనే బుల్లి పార్టిషన్లో (పార్టిషన్ అంటే డిస్క్‌ని విడగొట్టిన ఒక భాగం), మిగతాది ఉబుంటు వైపు ఉంటుంది. ఆ బుల్లి పార్టిషన్ మామూలుగా విండోస్ వేసినప్పుడు 100 ఎంబీ మాత్రమే ఉంటుంది. విండోస్ మళ్లీ వేస్తే అది తన పేరుని బూట్ వరసలో (ఆన్ చేయగానే ఏది ముందు తెరుచుకోవాలన్న జాబితాలో) మొదట పెట్టేసుకుంటుంది. చాలాసార్లు ఆన్ చేసేటప్పుడు ఎఫ్ 12 గానీ ఎఫ్ 2 గానీ నొక్కి (కంపెనీని బట్టి మారుతుంది) వరసలో ఉబుంటుని పైకి తెస్తే చాలు, పైసా ఖర్చు లేదు.

మా దాంట్లో అంత తేలిగ్గా అవలేదు. షాపులో ఆ బుల్లి పార్టిషన్ని కూడా తీసేసి కొత్తది పెట్టారంట, బూట్ వరసలో ఉబుంటు పేరే లేదు. శనివారం మా వాడు ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఉబుంటు ఎక్కించిన పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చాడు, దాంతో ఆన్ చేసి ఇన్‌స్టాల్ జోలికి పోకుండా ట్రై ఉబుంటు అన్నది నొక్కాడు. ముందు నా ఫోల్డర్ తెరిచి చూపించాడు, పాఠాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, అవి ఇంకో హార్డ్‌డిస్క్‌లోకి కాపీ అయ్యేదాకా వేరే ఏదీ ముట్టుకోనివ్వలేదు నేను. ఆ తర్వాత పాత ఉబుంటు లోపలికి దూరి గ్రబ్ మళ్లీ వేశాడు. రీస్టార్ట్ చేస్తే మెనూ వచ్చింది గానీ ఉబుంటు నొక్కితే నిమిషంన్నర ఆగి నల్ల స్క్రీన్లో ఎమర్జెన్సీ మోడ్ అని పడింది. ఎందుకంటే ఆన్ అయ్యేటప్పుడు ఏయే పార్టిషన్లు తెరవాలో రాసుండే ఎఫ్‌స్టాబ్ అనే ఫైల్లో పాత ఈఎఫ్ఐ పార్టిషన్ నంబరు ఉంది, ఆ పార్టిషన్ ఇప్పుడు లేదు, దాని కోసమే వెతుక్కుంటూ కూర్చుంది. కొత్త నంబరు రాయగానే ఎప్పట్లాగే తెరుచుకుంది. మొత్తం రెండు గంటల పని.

ఇక స్పేస్ కలపడం సంగతి. నిజంగానే లైనక్స్ వద్దు, ఆ జాగా విండోస్‌కి కావాలి అనుకునేవాళ్లు ఉంటారు, తప్పేం లేదు. కానీ ముందు విండోస్ తనంతట తాను బూట్ అవుతోందని చూసుకున్నాకే లైనక్స్ పార్టిషన్ తీయాలి. మా పై ఫ్లోర్ అబ్బాయి ఇవేవీ చూడకుండా తీసేశాడు, మర్నాడు ఆన్ చేస్తే గ్రబ్ రెస్క్యూ అని ఒక్క లైను, ఇంకేం లేదు. షాపులో హార్డ్‌డిస్క్ పోయిందన్నారు, పాపం కొత్త ఎస్ఎస్‌డీ కొనిపించారు. మా మేనల్లుడు ఆ పాత డిస్క్ తగిలించి బూట్ వరసలో విండోస్ బూట్ మేనేజర్ని ఎంచుకోగానే శుభ్రంగా ఆన్ అయింది, డిస్క్‌కి ఏ రోగం లేదు. ఆ అబ్బాయికి పోయిన డబ్బులు ఎవరిస్తారు? ఇంకోటి, ఖాళీ జాగా సి డ్రైవ్ పక్కనే కుడివైపు ఆనుకుని ఉంటేనే విండోస్ కలుపుతుంది, మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డముంటే ఎక్స్‌టెండ్ అన్న మాట నొక్కడానికే రాదు. అంటే నా పాఠాలు పోగొట్టి కూడా ఆ స్పేస్ కలిసేదో లేదో.

బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ సదుపాయం) గురించి కూడా చెప్పాలి. కొత్తగా విండోస్ 11 వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా లాప్‌టాప్‌లలో డిస్క్ దానంతటదే లాక్ అవుతోంది, బూట్ సెట్టింగులు మారిస్తే 48 అంకెల కీ అడగొచ్చు. ఆ కీ మన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఏ సెట్టింగూ కదపకముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. అలాగే ఉబుంటు వాడి విండోస్‌లోకి వెళ్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి చూపించొచ్చు, రెండూ టైమ్‌ని వేర్వేరుగా లెక్కేస్తాయి కాబట్టి, మదర్‌బోర్డు సెల్ పోయిందని కంగారుపడి మార్పించకండి.

ఈ ఊళ్లో చదువుకుంటూనో ఉద్యోగం వెతుక్కుంటూనో పీజీల్లో ఉండే మన పిల్లలు వేలమంది, పాత లాప్‌టాప్ మీదే ప్రాజెక్టులు చేసుకుంటుంటారు. అందరికీ ఇలాంటి మేనల్లుడు ఉండడు కదండీ. అందుకే రిపేరు షాపులవాళ్లని నేను అడిగేది ఒక్కటే, డిస్క్‌లో ఎన్ని పార్టిషన్లున్నాయో చూసి, దేన్ని తీసేస్తున్నారో కస్టమర్‌కి చూపించి, ఊఁ అన్నాకే తీయండి. మీ బెంగళూరు పేజీలో కూడా వారానికోసారి ఇలాంటివి తేలిక తెలుగులో వేస్తే బావుంటుంది, ఇంగ్లీషులో వెతికి చదువుకోలేని పెద్దవాళ్లు ఇంటింటా ఉన్నారు.

మా వీధి షాపతను చెడ్డవాడు కాదు, జరిగింది చెప్తే బాధపడ్డాడు, ఆ పెన్‌డ్రైవ్ ఎలా చేశారో మా వాడిని అడిగి తనూ ఒకటి చేసుకున్నాడు. చిత్తూరు వైపు మనిషి, తెలుగు చదువుతాడు. ఈ ఉత్తరం మీరు వేస్తే కత్తిరించి తన కౌంటర్ మీద అతికిస్తానన్నాడు.

ఇట్లు,
ఒక తెలుగు టీచరు,
మారతహళ్లి, బెంగళూరు