‘అలవాటైపోతుందిలే’ అంటే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

కొత్త నర్సుకు తొలి నైట్ డ్యూటీ పడగానే అందరూ చెప్పేది ఒకటే: ‘అలవాటైపోతుందిలే’. కాదు. ఒంట్లోని గడియారం రోజుకు మహా అయితే గంట, గంటన్నర జరుగుతుంది. నాలుగు నైట్లకే డ్యూటీ మారిపోతుంటే అది సర్దుకునేదెప్పుడు? కాబట్టి అలవాటు కోసం ఎదురుచూడకుండా నిద్రను ముందే లెక్కేసుకోవాలి.

తొలి నైట్‌కు వెళ్లేముందు మధ్యాహ్నం గంటన్నర పడుకోవాలి. పొద్దున 7కి లేచి కునుకు తీయకుండా డ్యూటీకెళ్తే, తెల్లవారుజామున 4కి మెలకువ 21 గంటలవుతుంది. 17 గంటలు దాటాక మనిషి చురుకు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్లంత మందగిస్తుందని ప్రయోగాల్లో తేలింది. పైగా 3, 5 గంటల మధ్య ఒంటి వేడి బాగా తగ్గి కళ్లు మూతలు పడతాయి. మందు ఎక్కించే పంపులో 2.5 బదులు 25 పడేది అప్పుడే. ఇన్సులిన్, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు), పొటాషియం ఇచ్చేముందు పేరు, మోతాదు, రేటు పైకి చదివి, రెండో నర్సు తనంతట తాను లెక్క కట్టాకే మొదలుపెట్టాలి. పక్కన నిలబడి ‘సరే సరే’ అనడం డబుల్ చెక్ కాదు.

విరామంలో కునుకు తీస్తే అలారం 20 నిమిషాలకే పెట్టుకోండి. అరగంట దాటితే లేచాక మత్తు వదలదు. లేచిన వెంటనే మందుల లెక్కల జోలికి వెళ్లొద్దు, పావుగంట ఆగండి. కాఫీలోని కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుంది. పొద్దున 9కి పడుకోవాలంటే రాత్రి 2 తర్వాత కప్పు ముట్టకూడదు.

ఇంటికెళ్లే దారిలో నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటే ఎండ నిద్రను అంతగా చెడగొట్టదు. కానీ అప్పటికే కళ్లు మూతలు పడుతుంటే బండి నడపకూడదు. చివరి నైట్ దిగాక రోజంతా పడుకోవద్దు. రెండు మూడు గంటలు నిద్రపోయి లేచేస్తే ఆ రాత్రి మామూలు వేళకే నిద్ర పడుతుంది.

ఇంత చేసినా రోస్టర్ (డ్యూటీల పట్టిక) సరిగా లేకపోతే లాభం లేదు. డ్యూటీలు మార్నింగ్, ఈవినింగ్, నైట్ వరుసలో ముందుకే తిరగాలి. మన గడియారం సహజంగా 24 గంటలకు కాస్త ఎక్కువే కాబట్టి ఆలస్యంగా పడుకోవడం తేలిక, ముందుగా పడుకోవడం కష్టం. ఈవినింగ్ రాత్రి 9కి ముగిస్తే మర్నాడు 7కే మార్నింగ్ వేసే పద్ధతి అన్నిటికన్నా చెడ్డది. హ్యాండోవర్ (తర్వాతి నర్సుకు రోగుల వివరాలు అప్పగించడం), ప్రయాణం, తిండి పోను ఆ 10 గంటల్లో నిద్రకు ఆరు గంటలైనా మిగలవు. రెండు డ్యూటీల మధ్య కనీసం 11 గంటలు ఉండాలి. రోస్టర్ రెండు వారాల ముందే చేతికివ్వాలి.

ఇన్‌ఛార్జులకు మరొక మాట: నైట్ దిగిన రోజును ఆఫ్ కింద రాయకండి. ఆ రోజు మొదటి ఏడు గంటలు ఆ నర్సు వార్డులోనే ఉంది.

ఇట్లు,
కొందరు సీనియర్ స్టాఫ్ నర్సులు