ఓటీపీ చెప్పొద్దంటారు, చెప్పకపోతే ఫారం నిండదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ జిల్లా ఎడిషన్‌లో ఒక ఫోటో వేశారు. జూనియర్ కాలేజీలో సైబర్ నేరాలపై అవగాహన సదస్సు, స్టేజీ మీద ఎస్సై గారు, ప్రిన్సిపల్ గారు, వెనక ఫ్లెక్సీ, ముందు బెంచీల్లో పిల్లలు. ‘ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు’ అని హెడ్డింగు. ఆ ఫోటోలో మూడో వరసలో కూర్చున్న ఇద్దరమ్మాయిలు సదస్సు జరిగిన సాయంత్రమే నా షాపుకొచ్చారు. నాకు బస్టాండు పక్కన నెట్ సెంటర్ ఉంది. జిరాక్స్, లామినేషన్, ఆన్‌లైన్ ఫారాలు, పదమూడేళ్లుగా ఇదే బతుకుతెరువు. స్కాలర్‌షిప్ అప్లికేషన్ పెట్టాలన్నారు. వచ్చీ రాగానే ఒకమ్మాయి ఫోన్ లాక్ తీసి కౌంటర్ మీద పెట్టి, “అన్నా, ఓటీపీ వస్తది, నువ్వే కొట్టుకో” అని చెప్పి పానీపూరీ బండి దగ్గరికి రోడ్డు దాటింది.

ఆ పిల్లని నేనేమనాలి చెప్పండి. పొద్దున విన్నది మర్చిపోయిందని అనలేను. పొద్దున విన్నదానికీ సాయంత్రం చేయాల్సిన పనికీ పొత్తే లేదు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దంటారు, కానీ నాకు చెప్పకపోతే ఆ పిల్ల ఫారం నిండదు, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు.

మే, జూన్ నెలల్లో డిగ్రీ అడ్మిషన్లకి దోస్త్ అనే వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్లు నడిచేటప్పుడు వచ్చి నా షాపులో ఒక గంట కూర్చోండి. ఆధార్‌కి లింకైన నంబర్ తండ్రి దగ్గరుంటుంది, తండ్రి చేను కాడ ఉంటాడు. పోయిన సీజన్‌లో ఒకమ్మాయి స్పీకర్ ఆన్ చేసి, “బాపూ, మెసేజ్ వచ్చింది జూడు, అంకెలుంటయ్, జెప్పు” అంది. ఆయనకి చదువు రాదు. పక్క చేను ఆయన్ని కేకేశాడు. ఆయన దగ్గర కళ్లద్దాలు లేవు. ఆఖరికి ట్రాక్టర్ మీద పోతున్న పిల్లగాణ్ణి ఎవర్నో ఆపి చదివించారు, ఈలోపు టైమ్ దాటిపోయింది, మళ్లీ పంపించాను, మళ్లీ ఆ పిల్లగాడే చదివాడు. షాపులో క్యూలో నిలబడ్డ పదిమందీ విన్నారు. ఎవరికీ చెప్పకూడని నంబరు ఎన్ని చెవులు దాటి నా కీబోర్డు దాకా వచ్చిందో మీరే లెక్కపెట్టుకోండి. తప్పు అమ్మాయిది కాదు, వాళ్ల బాపుది అంతకన్నా కాదు.

పదో తరగతి నుంచీ ఇలా ప్రతి ఫారానికీ అంకెలు చెప్పీ చెప్పీ, అంకెలు చెప్తే పనవుతుందని పిల్లలకి అలవాటైపోయింది. రేపు ఎవడో ఫోన్ చేసి “స్కాలర్‌షిప్ శాంక్షన్ అయిందమ్మా, మెసేజ్ వస్తుంది చెప్పు” అంటే ఆ పిల్ల అలవాటైన పనే చేస్తుంది. సదస్సులో ‘చెప్పొద్దు’ అన్న మాటకి బదులు ‘మెసేజ్ మొత్తం చదువు’ అని నేర్పితే కొంచెం పనికొస్తుందని నాకనిపిస్తుంది. ఆ అంకెలు దేనికో చాలావరకు మెసేజ్‌లోనే రాసి ఉంటుంది, ఫారం రిజిస్ట్రేషన్‌కా, అకౌంట్లోంచి డబ్బు పోవడానికా అని. కానీ పిల్లలు అంకెలు వెతుక్కుంటారు తప్ప పక్కనున్న వాక్యం చదవరు. నా దగ్గరికొచ్చేవాటిలో ఎక్కువ మెసేజ్‌లు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, అదొకటి. ఊళ్లో రైతు ఫోన్‌కి వచ్చే ఓటీపీ తెలుగులో ఎందుకు పంపరో పెద్దవాళ్లెవరైనా అడిగి చెప్తే సంతోషం.

డబ్బు పోతేనే మోసం అనుకుంటాం. దోస్త్‌లో రిజిస్టర్ అయ్యాక ఒక ఐడీ, ఆరంకెల పిన్ వస్తాయి. వాటితోనే ఏ కాలేజీ కావాలో ఆప్షన్లు పెట్టుకోవాలి. ఒక ప్రైవేట్ డిగ్రీ కాలేజీ పీఆర్వో పిల్లల్ని ఆటోలో ఎక్కించుకుని వచ్చి, ఫారానికి 200 రూపాయలు తనే కట్టి, పిన్‌లన్నీ తన నోట్‌బుక్‌లో రాసుకుని పోయాడు. ఆ తర్వాత వాళ్లలో ఒకబ్బాయి వచ్చి, “అన్నా, నేను ఆప్షన్లే పెట్టలేదు, నాకు సీటెట్ల వచ్చింది?” అని అడిగాడు. వాడికి గవర్నమెంట్ కాలేజీలో కామర్స్ కావాలి. ఆ పిన్ వాడి మూడేళ్ల చదువుకి తాళంచెవి అని ఒక్కరూ వాడికి చెప్పలేదు. ఆ రోజు కౌంటర్‌లో ఉన్నది నేనే, నేనూ చెప్పలేదు. ఒకేసారి పన్నెండు ఫారాలు వస్తున్నాయి కదా అని ఊరుకున్నా.

నా కంప్యూటర్ల సంగతి కూడా చెప్తాను, దాచేదేముంది. రోజూ షట్టర్ దించే ముందు డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఖాళీ చేస్తాను. నిన్న ఊరికే లెక్కపెట్టాను. ఆధార్ పీడీఎఫ్‌లు 31, మెమోలు 14, బ్యాంక్ పాస్‌బుక్ ఫోటోలు 9. ఈ-ఆధార్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది కదా అంటారేమో, అది పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం. పక్కనే పదో తరగతి మెమో ఉంటే రెండూ అందులోనే దొరుకుతాయి. నెట్ సెంటర్లలో ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేయొద్దు, చేస్తే కాపీలన్నీ డిలీట్ చేయండి అని 2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు ఆఫీసు ఒక ప్రకటన ఇచ్చింది, జనం కంగారు పడేసరికి రెండ్రోజుల్లో కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. నన్నడిగితే అందులో ఆ ఒక్క ముక్క ఉంచాల్సింది. మొదటి ఎనిమిది అంకెలు కనపడకుండా ఉండే మాస్క్‌డ్ ఆధార్ ఒకటుందని నా షాపుకొచ్చే పిల్లల్లో నూటికి ఒకరికి తెలిస్తే గొప్ప.

జీమెయిల్ లాగౌట్ చేయకుండా పోతారు. వాట్సాప్ వెబ్ తెరిచి, ప్రింట్ తీసుకుని, అలాగే వదిలేసి పోతారు, వాళ్లింటి మెసేజ్‌లు నా స్క్రీన్ మీద టింగ్ టింగ్‌మని వస్తుంటాయి. పాస్‌వర్డ్ ఏం పెట్టమంటావమ్మా అంటే పేరు, ఎట్, 123. మరీ గట్టిది కావాలంటే 1234. నవ్వొస్తుంది కానీ ఆ పాస్‌వర్డ్ కొట్టేది నేను. కొన్ని ఫారాల్లో తొందర్లో నా సొంత మెయిల్ ఐడీలే ఇచ్చేసిన రోజులున్నాయి, రెండేళ్ల తర్వాత ఆ పిల్లలు “నా మెయిలేది అన్నా” అని వెతుక్కుంటూ వచ్చారు.

ఇంకోటి, పిల్లలు మోసపోవడం గురించే అందరూ మాట్లాడుతున్నారు, పిల్లలు చేసేదాని గురించి ఎవరూ మాట్లాడరు. ఇంటర్ రిజల్ట్స్ రోజు నా షాపు కిటకిటలాడుతుంది. హాల్ టికెట్ నంబర్ తెలిస్తే ఎవరి మార్కులైనా చూడొచ్చు, మీ పేపర్ వాళ్ల వెబ్‌సైట్‌లో కూడా. ఒకసారి నలుగురబ్బాయిలు తమ మార్కులు చూసుకున్నాక, వరసగా క్లాసులో అమ్మాయిల నంబర్లు కొట్టడం మొదలుపెట్టారు. రెండు సబ్జెక్టులు పోయిన ఒకమ్మాయి మెమో స్క్రీన్‌షాట్ తీసి, ఎర్రగీత గీసి, నవ్వే బొమ్మ అతికించి క్లాస్ గ్రూపులో పెట్టారు. ఆ పిల్ల ఇంకా తన రిజల్ట్ చూసుకుందో లేదో. రిజల్ట్స్ రోజంటే ఎలాంటి రోజో, 2019లో ఇంటర్ రిజల్ట్స్ తర్వాత పిల్లలు ప్రాణాలు తీసుకోవడం చూసిన తెలంగాణలో నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. నేను కేకలేస్తే ఒకడు, “ఊకె జోక్ అన్నా, డిలీట్ చేస్తం తియ్” అన్నాడు. చేశాడు కూడా. అప్పటికే 40 మంది చూశారు. ఆ పిల్లల్లో చెడ్డవాడెవడూ లేడండీ, ఒకడు రోజూ వాళ్ల నానమ్మ పెన్షన్ పేపర్లు పట్టుకుని నా దగ్గరికొచ్చేవాడే. ఇంకొకరి నంబర్ కొట్టే ముందు ఒక్క క్షణం ఆగాలని వాడికెవరూ నేర్పలేదు.

డబ్బు దగ్గర కూడా తెలియక నేరంలోకి దిగుతున్నవాళ్లున్నారు. పాలిటెక్నిక్ చదివే కుర్రాడొకడు స్కాలర్‌షిప్ పడలేదని వచ్చాడు. చూస్తే అకౌంట్ ఫ్రీజ్. కదిపితే చెప్పాడు, సీనియర్ ఒకడు నెలకి 3 వేలిస్తానంటే ఏటీఎం కార్డు, సిమ్ము ఇచ్చేశాడట. “నేనేం చేయలే అన్నా, అకౌంట్ ఇచ్చిన అంతే.” వాడి అకౌంట్లోంచి ఎవరెవరి డబ్బో పోయింది, వేరే రాష్ట్రం పోలీసుల నుంచి నోటీసొచ్చింది. సదస్సుల్లో ఎక్కువసేపు చెప్పాల్సింది అకౌంట్ అద్దెకివ్వడం అంటే ఏంటో, ఎందుకంటే ఈ వల కాలేజీ పిల్లల కోసమే వేస్తున్నారు.

ఇంకొకడు వాళ్లమ్మ సంఘం డబ్బు 18 వేలు పోగొట్టి, నాన్న కొడతాడని రెండ్రోజులు నోరు మెదపలేదు. సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబర్‌కి వెంటనే ఫోన్ చేస్తే డబ్బు ఏ అకౌంట్లోకి పోయిందో అక్కడే ఆపే అవకాశం ఉంటుంది, రెండ్రోజులకి ఇంకేం మిగులుతుంది. ఆ నంబర్ వాడికి తెలుసు, సదస్సులో రాసుకున్నాడు. ఇంట్లో చెప్పకుండా ఎలా చేయాలో తెలియలేదు. కాబట్టి తల్లిదండ్రులు కూడా ఈ ఉత్తరం చదువుతుంటే, మొదటి గంటలో మాత్రం కొట్టకండి బాబూ, ముందు ఫోన్ చేయించండి, తర్వాత మీ ఇష్టం.

నేనడిగేది పెద్దదేం కాదు. పదో తరగతిలో ఒక్క వారం, బడిలో కంప్యూటర్ గది తాళం తీసి, పిల్లలతో వాళ్ల ఫారాలు వాళ్లనే నింపించండి. మెయిల్ వాళ్లే తెరవాలి, పాస్‌వర్డ్ వాళ్లే పెట్టుకోవాలి, లాగౌట్ చేసి, డౌన్‌లోడ్ చేసింది డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసి లేవాలి. వీలైతే ఆధార్‌కి పిల్లల దగ్గరుండే నంబర్ లింక్ చేయించండి. దీనికి ఎస్సై గారు రావక్కర్లేదు, ఫ్లెక్సీ అక్కర్లేదు. నా గిరాకీ తగ్గుతుంది, తెలుసు. జిరాక్స్ ఉంది, లామినేషన్ ఉంది, ఎలాగో నడుస్తుంది.

మా ఊరి హైస్కూల్ వాళ్లు పిలిస్తే షాపు మూసి నేనే వస్తాను. పిల్లలకి టైపింగ్ అలవాటు చేయడానికి పాత కీబోర్డులు నాలుగు అటక మీదున్నాయి, రెండింట్లో స్పేస్ బార్ గట్టిగా నొక్కాలి, అవి కూడా తెస్తాను.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ యజమాని,
నల్లగొండ జిల్లా