గడ విద్యకూ ఒక బడి కావాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో చైనా అక్రోబాట్ల ఫొటోలు చూశాను. కుర్చీ మీద కుర్చీ పేర్చి, ఆ కొసన ఒంటిచేత్తో నిలబడ్డ అమ్మాయి ఫొటో చాలా బాగుంది. దాని కింద ‘ఎముకల్లేని మనుషులు’ అని రాయడమే నచ్చలేదు. ఎముకలు వాళ్లకీ ఉంటాయి, విరుగుతాయి కూడా. 2023 ఏప్రిల్‌లో అన్‌హుయ్ రాష్ట్రంలో భర్తతో కలిసి గాలిలో విన్యాసాలు చేస్తున్న ఒక కళాకారిణి, రక్షణ తాడు లేక, పట్టు తప్పి పడి చనిపోయింది. ఆ విద్య గురించి రాసేటప్పుడు ఇలాంటివీ రాయాలి కదా.

ఇంకో సంగతీ మీ కథనంలో రాలేదు. ఈ విద్యకు పుట్టిల్లుగా చెప్పుకునే హెబెయ్ రాష్ట్రంలోని వూచ్యావ్ వాళ్లు ఒకప్పుడు పొట్ట చేతపట్టుకుని ఊరూరా తిరిగినవాళ్లే. తొంభై తొమ్మిదేళ్ల ముసలి నుంచి అప్పుడే నడక నేర్చిన పిల్ల దాకా అక్కడ అందరికీ ఏదో ఒక విద్య వచ్చని వాళ్ల సామెత. రెండు వేల ఏళ్ల కిందటే హాన్ రాజుల కొలువులో విదేశీ అతిథుల ముందు గడలెక్కిన విద్య ఇది. అయినా ఆడేవాళ్లకు మర్యాద దక్కడానికి చాలా కాలం పట్టింది. 1950లో జాతీయ బృందం ఏర్పడింది. 1985లో వూచ్యావ్‌లో ప్రత్యేకంగా బడి పెట్టారు. ఇప్పుడు ఆఫ్రికా దేశాల నుంచి కూడా వచ్చి అక్కడ నేర్చుకుంటున్నారు.

నేను రిటైరైన వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. నన్ను ఆకట్టుకున్నది వాళ్లు నేర్పే వరస. నడుము, కాళ్లు, మొగ్గలు, చేతుల మీద నిలబడటం: ఈ నాలుగూ కుదిరాకే మిగతా విద్యలు. గోడకు కాళ్లు ఆనించి తలకిందులుగా నిలబడటం దగ్గరే పిల్లలకు నెలలు గడిచిపోతాయి. మనకు విసుగనిపిస్తుంది కానీ దెబ్బలు తగ్గేది దానివల్లే. అక్కడంతా సవ్యంగా ఉందని అనడం లేదు. మరీ చిన్నపిల్లల ఒళ్లు వంచడం మీద విమర్శలున్నాయి. చేరేది ఎక్కువగా పేదింటి పిల్లలే. ముప్పై దాటితే చాలామందికి ఆట ముగిసినట్టే.

మన దగ్గర 2011లో సుప్రీంకోర్టు సర్కస్‌లలో పిల్లలతో పని చేయించకూడదంది. మంచి తీర్పు, దాన్ని సడలించమని ఎవరూ అడగకూడదు. కానీ గడ మీద కడుపు ఆనించి గిరగిరా తిరిగే మన కుటుంబాల విద్యకు ఆ తర్వాత దారేది? పిల్లల్ని రోడ్డు మీద ఆడించడం తప్పే. అదే విద్యను బడిలో, పరుపుల మీద, కోచ్ ఎదుట నేర్పడం తప్పు కాదు.

అందుకే రెండు తెలుగు ప్రభుత్వాలనూ అడుగుతున్నాను. హకీంపేట లాంటి క్రీడా పాఠశాలల్లో జిమ్నాస్టిక్స్ పక్కనే దీన్నీ ఒక అంశంగా పెట్టండి. గడ ఎక్కడం తెలిసిన పెద్దవాళ్లను, సర్టిఫికెట్ అడగకుండా, జీతమిచ్చి శిక్షకులుగా తీసుకోండి. జాతరల్లో, ఎగ్జిబిషన్లలో ఎత్తున ఆడే ప్రతి ఆటకూ కింద వల, నడుముకు తాడు, ఆడేవాళ్లకు బీమా ఉంటేనే పర్మిషన్ ఇవ్వండి.

— ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, నంద్యాల